ఈగ కన్ను, 220 ఫ్రేములు, ఒక జిగురు ముద్ద

ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పురుగుల్ని బోలెడు ఫొటోలు తీసి, అన్నీ కలిపి మొత్తం స్పష్టంగా ఉన్న ఒకే ఫొటో (స్టాక్) చేసే ఈ పిచ్చి మొదలై నాలుగు నెలలైంది. మొదట్లో 50ఎంఎం లెన్స్ తిరగేసి పెట్టి చీమల్ని తీసేవాణ్ణి, తర్వాత 4ఎక్స్ (నాలుగింతలు పెద్దగా చూపే) మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ లెన్స్, పోయిన నెల 10ఎక్స్ తెచ్చుకున్నా. అది వచ్చిన దగ్గర్నుంచి ఒక్క ఈగ కన్ను మీదే కూర్చున్నా, అందులో మూడు వారాలు ఏ పాపం ఎరగనివాటిని అనుమానిస్తూనే గడిచిపోయాయి.

ముందు సెటప్ సంగతి. ఏపీఎస్-సీ సైజు సెన్సార్ ఉన్న కెమెరా, బెలోస్ (లెన్స్‌ని కెమెరాకి దూరంగా పెట్టే మడతల గొట్టం), ముందు 10ఎక్స్ ఎన్ఏ 0.25 ఆబ్జెక్టివ్ (ఎన్ఏ అంటే లెన్స్ వెలుగుని ఎంత వెడల్పుగా పట్టుకుంటుందో చెప్పే అంకె), ఫైనైట్ రకం, అంటే మధ్యలో ఇంకో లెన్స్ లేకుండా తానే ఇమేజ్ ఏర్పరిచేది. దాని మీద 160 (ట్యూబ్ పొడవు, మిల్లీమీటర్లలో) అని రాసుంటుంది కదా అని నేను కూడా 160 కొలిచి పెట్టేశా, తీరా చూస్తే మర మొదలయ్యే అంచు నుంచి సెన్సార్ దాకా 150 మిల్లీమీటర్లు ఉండాలంట, ఎందుకంటే మైక్రోస్కోప్‌లో ఇమేజ్ ట్యూబ్ పై అంచుకి 10 మిల్లీమీటర్లు కిందే ఏర్పడుతుంది. ఇంకోటి, అడాప్టర్ ట్యూబ్ లోపల నల్ల వెల్వెట్ పేపర్ చుట్టాకే ఫొటోల్లో నలుపు నలుపులా కనపడింది, అంతకుముందు అన్నీ పాలు కలిపినట్టు తెల్లగా పాలిపోయి వచ్చేవి.

పురుగులంటారా, నేను వేటినీ చంపను, కిటికీ అంచుల్లో చచ్చి పడున్నవే ఏరుకొస్తా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒకసారి ముంచి మెత్తటి బ్రష్‌తో దులుపుతా. మామూలు కంటికి శుభ్రంగా ఉన్న ఈగ 10ఎక్స్‌లో చూస్తే సిమెంటు పని నుంచి వచ్చినట్టుంటుంది, ఈ పని ఎగ్గొడితే తర్వాత ఎడిటింగ్‌లో అంతకి పదింతలు కష్టపడాలి.

ఇక లెక్క. వెలుగు తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు అనుకుని దాన్ని ఎన్ఏ స్క్వేర్‌తో భాగిస్తే ఫోకస్‌లో ఉండే మందం వస్తుంది. 4ఎక్స్ ఎన్ఏ 0.10కి అది 55 మైక్రాన్లు, 10ఎక్స్ ఎన్ఏ 0.25కి 8.8 మాత్రమే. కొంచెం ఒకదాని మీద ఒకటి పడాలి కాబట్టి నేను 6 మైక్రాన్ల చొప్పున జరుపుతున్నా. ఈగ కన్ను లోతు నాకు కావాల్సినంత వరకు 1.3 మిల్లీమీటర్లు, అంటే 220 ఫ్రేములు కాస్త అటూ ఇటూగా. ఫోకస్ జరిపే రెయిల్ కుదురుకోడానికి, ఫ్లాష్ మళ్ళీ చార్జ్ అవడానికి కలిపి ఫ్రేముకి 5 సెకన్లు, మొత్తం 18 నిమిషాలు. (ఇదే ఎక్కువ అని మూలిగేవాళ్ళకి, లెవన్ బిస్ అని ఒకాయన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియం పురుగుల్ని తీసినప్పుడు ఒక్కోదానికి 8000కి పైగా ఫొటోలు కలిపారు. నేను ఇంకా బాలశిక్ష దగ్గరే ఉన్నా.)

ఇప్పుడు అసలు గోల. విడివిడిగా చూస్తే ప్రతి ఫ్రేమూ బాగుంది, కలిపాక మాత్రం కంటి వెనక ఉన్న వెంట్రుకలు రెండేసి కనపడుతున్నాయి, ఒక పక్క తేనెపట్టు గదుల్లాంటి ఆ గళ్ళు చెరిపేసినట్టు అయిపోతున్నాయి. స్టెప్ పెద్దదయిందేమో అని 4కి తగ్గించా, ఇంకా పాడైంది! అప్పుడే బుర్ర వెలగాల్సింది, వెలగలా. అదురు అనుకుని ఎల్ఈడీ తీసేసి ఫ్లాష్ 1/32 పవర్‌కి మారా, షట్టర్ అదరకుండా ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ పెట్టా, ఫ్రేములు ఇంకా పదునెక్కాయి కానీ స్టాక్ మాత్రం అలాగే ఏడ్చింది. తర్వాత ఫొటోల్ని కలిపే సాఫ్ట్‌వేర్ జెరీన్‌లో సెట్టింగులన్నీ మార్చి మార్చి చూశా, అందులో కలిపే పద్ధతులు పీమ్యాక్స్ అయినా డీమ్యాప్ అయినా అదే ముచ్చట.

చివరికి విసుగొచ్చి రెయిల్ అసలు కదపకుండా నిమిషానికొక ఫొటో చొప్పున 20 నిమిషాల పాటు తీసి, వాటిని చకచకా తిప్పి చూశా. కన్ను నెమ్మదిగా కిందికి దిగిపోతోంది! 60 పిక్సెళ్ళు. నా సెన్సార్ పిక్సెల్ 3.9 మైక్రాన్లు, పదో వంతు చేస్తే ఈగ మీద 0.39, అంటే 23 మైక్రాన్లు కుంగింది, దాదాపు నాలుగు స్టెప్పులు. ఈగని నిలబెట్టింది గోడకి పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్దతో, దాన్ని నొక్కి వదిలాక గంటల తరబడి అది సాగుతూనే ఉంటుందంట. పక్కకో కిందకో జరిగితే సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది, కానీ తల వాలిపోతూ కొద్దిగా తిరిగితే మాత్రం దానివల్ల కాదు. స్టెప్ తగ్గిస్తే ఎందుకు పాడైందో కూడా అర్థమైంది, ఫ్రేములు పెరిగాయి, టైమ్ పెరిగింది, కుంగడమూ పెరిగింది.

ఇప్పుడు సన్న సూది కార్క్‌లో గుచ్చి దాని కొసన ఈగని అంటిస్తున్నా. మొదటిసారి సూపర్ గ్లూ వాడి ఇంకో ఈగని పోగొట్టుకున్నా, దాని ఆవిరి తగిలి కన్నంతా తెల్ల బూజు పట్టినట్టయింది. చెక్కకి వాడే తెల్ల గమ్ చుక్క చాలు, రాత్రంతా ఆరనివ్వాలి. ఇంకో చిక్కుంది, మరీ తాజా పురుగైతే ఆరుతూ ఆరుతూ మీసాలు కదిలిస్తుంది, ఎక్కువ రోజులు ఆగితే కళ్ళు లోపలికి గుంటపడతాయి, నాకైతే ఒక రోజు ఆగి తీయడం కుదిరింది.

మొన్న రాత్రి అదే 220 ఫ్రేములు మళ్ళీ తీశా. 20 ఫ్రేముల స్లాబులు (గుంపులు) చేసి, పక్కపక్క వాటికి 5 ఉమ్మడిగా ఉంచి పీమ్యాక్స్, ఆ స్లాబులన్నిటికీ డీమ్యాప్, ఒకదాన్నొకటి దాటే వెంట్రుకల దగ్గర మాత్రం పీమ్యాక్స్ నుంచి బ్రష్‌తో రీటచ్. గళ్ళన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి, నేను కుర్చీలోంచి లేచి ఒక రౌండ్ తిరిగొచ్చా. పిక్సెల్ పిక్సెల్ చూస్తే కాస్త మెత్తగానే ఉంది, 10ఎక్స్‌లో అసలు ఎపర్చర్ ఎఫ్/20తో సమానం కాబట్టి డిఫ్రాక్షన్ (సన్న సందులోంచి వెలుగు చెదిరి పదును తగ్గడం) తప్పదు.

మిగిలిన తంటాలు రెండు. సెన్సార్ మీద ఒక్క దుమ్ము చుక్క ఉన్నా అలైన్‌మెంట్‌లో అది జరుగుతూ జరుగుతూ బ్యాక్‌గ్రౌండ్‌లో తోకలా గీత పడుతోంది. రెండోది, పింగ్‌పాంగ్ బంతి సగం కోసి వెలుగు మెత్తబడేలా డిఫ్యూజర్‌గా పెట్టా గానీ దాని అంచు కంటి మీద మెరుస్తోంది, లోపల ఇంకో పొర ట్రేసింగ్ పేపర్ వేసి చూడాలి.

ప్రస్తుతం కార్క్ మీద ఒక ముక్కుపురుగుకి గమ్ ఆరుతోంది. ముక్కు పొడుగు వల్ల లోతు 2.1 మిల్లీమీటర్లు తేలింది, 350 ఫ్రేములు, దాదాపు అరగంట పడుతుంది. ఈసారి స్టాక్ కంటే ముందు ఆ 20 ఫొటోల టెస్టే చేస్తా.