పక్షాంతరం

2016 ఆగస్టులో, 36 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో బిగినింగ్ ఆల్జీబ్రా క్లాసులో చేరాను. సాయంత్రం క్లాసు, వారానికి రెండు రోజులు. పగలు ఇండియన్ స్టోర్‌లో పని. హెచ్‌1బీ మీద పనిచేసేవాళ్ల భార్యాభర్తలకిచ్చే హెచ్‌4 వీసా మీద ఉన్న మాలాంటి కొందరికి 2015 మే నుంచి పని చేసుకునే వీలు కల్పించారు. గ్రీన్‌కార్డు కోసం మా ఆయన కంపెనీ వేసిన ఐ-140 అనే దరఖాస్తు అప్పటికే అప్రూవ్ అయి ఉంది కాబట్టి నాకూ పని చేసుకునే కార్డు వచ్చింది. క్లాసు ఫీజు యూనిట్‌కి, అంటే ఒక క్రెడిట్‌కి, 46 డాలర్ల చొప్పున అయిదు యూనిట్లకి 230 డాలర్లు. నా జీతంలోంచి నేనే కట్టుకున్న మొదటి ఫీజు అది.

పదో తరగతి లెక్కల్లో నాకు 84 మార్కులు. అయినా ఏ క్లాసులో చేర్చాలో తేల్చే కాలేజీ ప్లేస్‌మెంట్ టెస్టులో ఫాక్టర్, సింప్లిఫై, ఎవాల్యుయేట్ అన్న మాటల దగ్గరే ఆగిపోయాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో మేము చదివింది కారణాంకాలు, సూక్ష్మీకరించుము, క.సా.గు. లెక్క వచ్చు, దాని పేరు రాదు. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియలేదు.

రెండో వారంలో ప్రొఫెసర్ బోర్డు మీద 3ఎక్స్ + 7 = 22 రాసి చేయమన్నారు. నేను గబగబా 3ఎక్స్ = 22 – 7 అని రాసేశాను. ఆవిడ నా పక్కన వంగి, పెన్సిల్‌ని నేను రాసిన వరస దగ్గర ఆపి, "ఈ ఏడు ఇక్కడి నుంచి ఎలా పోయింది?" అని అడిగారు. అటు వెళ్తే మైనస్ అవుతుందన్నాను. "ఎందుకు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుందని మాస్టారు చెప్పారు, మేము మార్చాం, అంతే. ఆవిడ సమానం గుర్తుకి అటొక మైనస్ ఏడు, ఇటొక మైనస్ ఏడు రాసి, కింద గీత గీశారు. ఏడు ఎక్కడికీ పోలేదు. రెండు వైపుల నుంచీ ఏడేసి తీశాం. మా నాన్న కొట్లో త్రాసు గుర్తొచ్చింది. రెండు పళ్లేల్లోంచి ఒకే బరువు తీస్తే ముల్లు కదలదు. ఇన్నేళ్లూ అలవాటుగా చేసినదానికి కారణం ఆ రాత్రి బస్సులో ఇంటికెళ్తుంటే పూర్తిగా అర్థమై, ఏడుపొచ్చింది.

నా పక్క సీటు మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయనది. ఇళ్ల పైకప్పులు వేసే పని. నెలన్నరపాటు నోరు విప్పలేదు. స్లోప్ పాఠం రోజున మాత్రం చెయ్యెత్తి, "ఫోర్-ట్వెల్వ్" అన్నారు. 12 అంగుళాలు అడ్డంగా పోతే 4 అంగుళాలు పైకి లేచే కప్పు అది. ప్రొఫెసర్ మార్కర్ ఆయన చేతికిచ్చారు. ఆయన బోర్డు మీద ఒక ఇల్లు గీసి, నీళ్లు నిలవకుండా ఉండాలంటే వాలు ఎందుకు ముఖ్యమో చెప్పారు. తిరిగొచ్చి కూర్చున్నాక ఆయనకి నా నోట్‌బుక్ చూపించాను. సరళరేఖ సమీకరణాన్ని ఇక్కడ వై = ఎమ్ఎక్స్ + బీ అంటారు, మా ఊళ్లో బీ బదులు సీ రాస్తాం. ఆయన చూసి, తలూపి, రెంటినీ పక్కపక్కన రాసుకున్నారు.

ఇలాంటి క్లాసులు ఇప్పుడు చాలావరకు లేవు. 2017లో కాలిఫోర్నియాలో ఏబీ 705 అనే చట్టం వచ్చాక, ఎక్కువమందిని నేరుగా యూనివర్సిటీ స్థాయి లెక్కల్లోనే చేర్చి, కావలసినవాళ్లకి పక్కన సపోర్ట్ క్లాసు పెడుతున్నారు. మొదటి మెట్ల దగ్గరే చాలామంది ఆగిపోయి కాలేజీ వదిలేస్తున్నారన్నది కారణం. అది నిజమే, మా క్లాసులోనూ ఫైనల్ నాటికి సగం కుర్చీలు ఖాళీ. కానీ 20 ఏళ్ల తర్వాత పెన్సిల్ పట్టుకున్న నన్ను ఆ రోజు నేరుగా స్టాటిస్టిక్స్‌లో కూర్చోబెట్టి ఉంటే రెండో వారానికి నేనూ ఉండేదాన్ని కాదు. మాలాంటివాళ్ల కోసం ఒక్క సెక్షనైనా ఉంచాల్సింది.

మొన్న స్టోర్‌లో కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయి బ్రేక్‌లో పుస్తకం తెరిచి, "ఫాక్టర్ చెయ్యమంటే ఏం చెయ్యాలక్కా?" అని అడిగింది.

"కారణాంకాలు."

"ఓ, అదా!" అని పెన్ను అందుకుంది.