మొగులు చూసి బస్సు దిగాను

సోమశిల దగ్గర కృష్ణ మీద మబ్బులు పట్టినప్పుడు ఫొటోలు తీద్దామని 2024 మే 26, ఆదివారం పొద్దున్నే నల్లగొండలో బయల్దేరాను. సోమశిల చేరనే లేదు. ఆ ప్రయాణంలో నాకు మిగిలింది కల్వకుర్తి దాటాక రోడ్డు పక్కన గడిచిన గంటన్నర. ఇప్పటికీ ఎక్కడైనా మెరుపు కనిపిస్తే నోట్లో అంకెల లెక్క దానంతటదే మొదలవుతుంది.

కారున్న మిత్రుడు తోడు వస్తానన్నాడు. కానీ మర్నాడే పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక పోలింగ్, ఆయనకు డ్యూటీ పడింది. దాంతో కెమెరా సంచి, ట్రైపాడ్ భుజాన వేసుకొని బస్సెక్కాను. దేవరకొండ బస్టాండ్ దగ్గర 20 రూపాయల నీళ్ల సీసాకు 25 తీసుకున్నారు. కూలింగ్ చార్జీ అట. సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. రోహిణి కార్తె అప్పుడే మొదలైంది, రోళ్లు పగిలే ఎండ. డిండి, వంగూరు గేటు, కల్వకుర్తి. దారిలో చెమట తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

కల్వకుర్తిలో నాగర్‌కర్నూల్ బస్సు దొరికేసరికి మూడు దాటింది. మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగుల్లో కాలు పెట్టే చోటు ఉండటం లేదు. ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం చాలా మంచి పని, దాంతోపాటు బస్సులు కూడా పెంచాలి. కమ్మీ పట్టుకుని నిలబడి ఫోన్‌లో రెమాల్ తుపాను ఉపగ్రహ చిత్రం చూస్తున్నాను. ఆ రాత్రికే అది బెంగాల్, బంగ్లాదేశ్ తీరం దాటబోతోంది. తెల్లటి చక్రంలా తిరుగుతున్న ఆ మబ్బుని ఎంత సేపు చూశానంటే, కిటికీ బయట పెరుగుతున్న మబ్బు నా కంట పడలేదు.

నాది దివిసీమ, అవనిగడ్డ పక్కన ఊరు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన మా ఇళ్లల్లో ఇప్పటికీ నిన్నటి మాటే. పదివేల మందికి పైగా పోయారు. మా అమ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు. చిన్నప్పుడు మాకు కథలకు బదులు జాగ్రత్తలు చెప్పేది. గాలి ఉన్నట్టుండి ఆగిపోయినా బయటికి రాకూడదు, తుపాను కన్ను మన మీదుగా పోతోందంతే, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది అనేది. బందరు ఓడరేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారన్నదే వానాకాలం పోయాక మా ఊళ్లో మాట్లాడుకునే మొదటి మాట. ఒకటో నంబరు అంటే వల సర్దుకోవడం, పదో నంబరు అంటే ఊరు ఖాళీ చేయడం.

అందుకే తుపాను ఫొటోల విషయంలో నాకొక పద్ధతి ఉంది. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. నేను అంతకు రెండు రోజుల ముందే సముద్రం రంగు మారడం, మబ్బు అంచులు వంగడం తీసేసుకుని ఇంటికొచ్చాను. గాలి మొదలయ్యాక కెమెరా బయటికి తీయలేదు. హరికేన్లని ఫొటోలు తీసే అమెరికా వాళ్ల వీడియోల్లో కూడా తెలిసినవాళ్లు ఇదే చెబుతారు. తిరిగి వచ్చే దారి ముందు చూసుకో, ఆ తర్వాతే లెన్స్ తియ్యి అంటారు. నీళ్లు పారుతున్న రోడ్డులోకి బండి దించొద్దంటారు. ఒక అడుగు లోతు పారితే చాలు, చిన్న కారు తేలిపోతుంది.

ఇవన్నీ తెలిసిన నేను ఆ రోజు కల్వకుర్తి దాటి కాస్త దూరం పోయాక బస్సు ఆపించి దిగాను. తుపాను నాలుగు రోజుల ముందు నుంచీ కబురు పంపుతుంది. పాలమూరు ఎండాకాలపు గాలివానకి అంత సమయం ఉండదని ఒంటికి తెలియకపోవడమే కారణం. కల్వకుర్తిలో టీ తాగినప్పుడు గోబీపువ్వులా ఉన్న మబ్బు గంట తిరక్కుండా ఆకాశంలో సగం ఆక్రమించింది. అడుగు భాగం నల్లగా, చివర మెలి తిరిగి, దుప్పటి అంచు మడిచినట్టు రోడ్డు మీదికి వాలుతోంది. అలాంటి మబ్బు నేను మా సముద్రం మీద కూడా చూడలేదు.

"సార్, ఆన కొట్టేటట్టుంది. ఈడ దిగి ఏం జేస్తరు? మల్ల బస్సు ఎప్పుడొస్తదో ఏమో" అంది కండక్టరమ్మ. పర్లేదమ్మా అన్నాను.

రోడ్డు పక్కన పత్తికి దున్ని వదిలిన ఎర్రచెలక. ఒక వేపచెట్టు. దానికి అవతల ఎవరో కడుతున్న షెడ్డు, సిమెంటు ఇటుకల గోడలు నిలువెత్తు దాకా లేచాయి, పైన సగమే రేకులు. ఆ వెనక ఊరి ఇళ్లు, బడి. ట్రైపాడ్ చెలకలో పాతి వైడ్ లెన్స్ పెట్టాను. వ్యూఫైండర్‌లో చూస్తే మబ్బు ఎంతో దూరంగా, తీరిగ్గా ఉంది. వైడ్ లెన్స్‌తో వచ్చే చిక్కే ఇది. ఆకాశమంతా ఫ్రేములో ఇరికించడానికి ప్రతిదాన్నీ వెనక్కి నెడుతుంది. నెత్తి మీదికి వచ్చిన మబ్బు కూడా పక్క మండలంలో ఉన్నట్టు కనిపిస్తుంది. కన్ను వ్యూఫైండర్‌కి అంటించి ఉన్నంతసేపూ నేను ఆ అబద్ధాన్నే నమ్మాను.

మొదటి మెరుపు తర్వాత ఉరుము దాకా లెక్కపెట్టాను. 21. మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు చొప్పున ఏడు కిలోమీటర్లు. 30 లోపు ఉరుము వినపడితే అప్పటికే నీడకు చేరి ఉండాలని నాకు తెలుసు. పది కిలోమీటర్ల అవతల, వాన పడని చోట కూడా పిడుగు పడగలదనీ తెలుసు. ఫోన్‌లో దామిని యాప్ ఉంది. 20 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతున్నాయా లేదా చూపిస్తుంది. దాన్ని తెరవలేదు. ఇంకొక్క ఫొటో అనుకున్నాను. 18. ఇంకొక్కటి. 12.

అప్పుడు గాలి ఆగింది. పూర్తిగా. వేపచెట్టు ఆకు కదల్లేదు. అమ్మ చెప్పిన కన్ను గుర్తొచ్చి వీపు మీద చెమట చల్లబడింది.

"ఓ సారూ! గా ఇనుప కట్టె వట్టుకొని చెలకల నిలవడ్డవేంది? మొగులు గానొస్తలేదా?"

వెనక్కి చూస్తే ఒక అవ్వ. అరవై ఐదు దాటి ఉంటాయి. చేతిలో కర్ర, ముందు ఇరవై దాకా మేకలు. మేకలన్నీ ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఊరి వైపే నడుస్తున్నాయి, మేత కోసం ఒక్కటీ తల దించడం లేదు.

ట్రైపాడ్ కాళ్లు మడిచి భుజాన వేసుకుని వేపచెట్టు వైపు కదిలాను. "చెట్టు కిందికి పోకు! పోయిన యాడాది మా పాలోళ్ల మేకలు గట్లనే చెట్టు కింద కుప్ప వడ్డయి" అని అరిచింది. సరే అని షెడ్డు వైపు తిరిగాను. సగం రేకులున్నాయి, కనీసం కెమెరా తడవదు కదా అని.

"గాడికా? పచ్చి గోడలు బిడ్డా, పైన బరువు లేదు, పక్కన ఆసర లేదు. గాలికి ఆగయి. బడికాడికి ఉరుకు."

అవ్వ చెప్పిన మాటలోని లెక్క నాకు పరుగెత్తుతూ ఉండగానే అర్థమైంది. పైకప్పు పూర్తయి గోడలన్నీ కలిసేదాకా ఏ గోడకా గోడ ఒంటరిగా నిలబడి ఉంటుంది. సిమెంటు ఇంకా గట్టిపడి ఉండదు. వెడల్పాటి గోడని గాలి తెరచాపని తోసినట్టు తోస్తుంది. ఆ షెడ్డు నాకు రెండొందల అడుగుల దూరంలో ఉంది, బడి దానికి రెండింతలు. అవ్వ లేకపోతే నేను దగ్గర్లో ఉన్నదానిలోకే దూరేవాణ్ణి.

సగం దారిలో దుమారం అందుకుంది. ముందు చల్లదనం తగిలింది, ఫ్రిజ్ తలుపు తీసినట్టు. ఆ వెంటనే ఎర్రటి గోడలా దుమ్ము. మబ్బులో పైనుంచి జారిపడిన చల్లగాలి నేలకు తగిలి నలుదిక్కులా పరుచుకుంటుంది. దాని ముందంచు వానకంటే ముందే వస్తుంది. ఫొటోలో అందంగా వంగిన అంచు అని నేను మురిసిపోయింది దాన్నే. కళ్లు మూసుకుపోయాయి. మేకల అరుపులు పట్టుకుని నడిచాను.

బడికి వేసవి సెలవులు. వరండాకి స్లాబు ఉంది. ఒక గదికి గొళ్లెం మాత్రమే పెట్టి ఉంది, తాళం లేదు. అవ్వ మేకల్ని ముందు తోసి, తర్వాత నన్ను తోసి, తనూ వచ్చి తలుపు మూసింది. ఫొటో కోసం కిటికీ దగ్గరికి పోతుంటే ఈసారి నన్ను నేనే ఆపుకున్నాను. ఇనుప చువ్వలు, తడి గోడ, రెండూ పిడుగుకి దారే. గది నడిమధ్య, మేకల మధ్యలో నిలబడ్డాం. ట్రైపాడ్ తలుపు పక్కనే పడేశాను. కెమెరాని పాలిథిన్ కవర్లో చుట్టి సంచిలో పెట్టేశాను.

ఇరవై నిమిషాలు కొట్టింది. వానలో రాళ్లు కూడా పడ్డాయి, గోలీలంత. ఏదో రేకు నేల మీద ఈడ్చుకుంటూ పోయిన చప్పుడు విన్నాం. ఒక మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కే లేదు, రెండూ ఒకటే. గదిలో ఉన్న పిల్లల హాజరు పట్టిక గోడ మీద నుంచి ఊడి పడింది. ఒక నల్ల మేకపిల్ల నా కాళ్ల మధ్యకి దూరి వణికింది. దాని గుండె నా మోకాలికి తగులుతూనే ఉంది. అవ్వ కళ్లు మూసుకుని ఏదో అనుకుంటోంది.

వాన తగ్గగానే అవ్వ గొళ్లెం మీద చెయ్యి వేసింది. ఈసారి నేను ఆపాను. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి అవ్వా అన్నాను. పిడుగు దెబ్బ తిన్నవాళ్లలో చాలామంది వాన వెలిసిందని బయటికి వచ్చినవాళ్లే. "అరగంటా? పాలు పిండే ఏళయితాంది" అని గొణిగింది గానీ కూర్చుంది. కిటికీలోంచి ఎండ కూడా పడింది. పదిహేను నిమిషాల తర్వాత, ఎండ కాస్తుండగానే, ఊరి అవతల ఒకటి పడింది. అవ్వ నా వైపు చూసి ఏమీ అనలేదు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాం. ఆ తీరిక సమయంలో నాకు ఉల్లిగడ్డ, రొట్టె పెట్టింది. జొన్నరొట్టె అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

బయటికొస్తే రోడ్డు మీద కరెంటు తీగ పడి ఉంది. దాన్ని తప్పించి చెలకలోంచి చుట్టు తిరిగి నడిచాం. అప్పుడు కనిపించింది షెడ్డు. పొడుగాటి గోడ పొడుగునా పడిపోయింది. ఇటుకలు చెదరలేదు, పక్క మీద దుప్పటి పరిచినట్టు వరసగా నేల మీద పడుకుని ఉన్నాయి. నేను నిలబడదామనుకున్న మూల ఎక్కడుందో వెతికాను. దొరకలేదు.

ఒక ట్రాక్టర్ ఆయన నాగర్‌కర్నూల్‌లో దించాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. లాడ్జి వాళ్లు మాత్రం కరెంటు లేదని తెలిసీ 700 గదికి 1200 అడిగారు. జనరేటర్ అన్నారు, పదింటికే ఆపేశారు. చీకట్లో చాలాసేపు పడుకోలేదు.

పొద్దున హోటల్లో పేపర్ చూశాను. అదే గాలివానకు తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు చనిపోయారు. నేను దిగిన చోటికి అదేమంత దూరం కాదు. ఇడ్లీ ముద్ద గొంతు దిగలేదు. దివిసీమలో పుట్టినవాణ్ణి, గాలి గురించి నాకు తెలుసనుకున్నాను. వాళ్లకి నాలుగు రోజుల ముందు కబురు రాలేదు. నంబరు ఎవరూ ఎగరేయలేదు. పని చేసుకుంటూ ఉన్నారు.

కొల్లాపూర్ బస్సు ముందే నిలబడి ఉంది. ఎక్కబుద్ధి కాలేదు. కల్వకుర్తి బస్సెక్కి దారిలో అదే చోట దిగాను. అవ్వ చెలక గట్టు మీద ఉంది, మేకలు నిన్న ఏమీ జరగనట్టు రాలిన వేపాకు తింటున్నాయి.

"పటం దిగినవా మరి?" అని అడిగింది.

కెమెరా తెరిచి చూపించాను. మొత్తం ఏడు ఫొటోలు. మొదటిదాంట్లో కింద కుడిమూలన ఆ షెడ్డు గోడలు నిలబడి ఉన్నాయి, వాటి మీదికి ఆ నల్లటి మడత వంగుతోంది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని తెర మీదికి వంగింది. మబ్బుని చూడలేదు, గోడని చూడలేదు. వేలితో తెరంతా వెతికింది.

"నా మేకలేవి?"

చివరి ఫొటోని పెద్దది చేసి ఎడమ అంచున చుక్కల్లా ఉన్నవాటిని చూపించాను. ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.