మెటికలు

టప్. టప్. టప్ టప్.

పదకొండుంబావుకి లైటు ఆర్పాం. అర నిమిషం కూడా కాలేదు, మా ఆయన మెటికలు విరవడం మొదలెట్టాడు. ముందు ఎడమ చెయ్యి, చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా. తరవాత కుడి చెయ్యి, అదే వరసలో. బొటనవేళ్లు ఆఖర్న, ముందు కుడిది, తరవాత ఎడమది. పన్నెండేళ్లలో వరస మారలేదు. దీని గురించి ఇదివరకే రెండు మూడుసార్లు ఏడ్చి ఉన్నాను కాబట్టి మళ్లీ మొదట్నుంచీ చెప్పను. కొత్త సంగతల్లా ఒక్కటే, ఇవాళ నేను ఓడిపోయాను. అది మింగుడుపడక లేచొచ్చి కూర్చున్నాను.

ఇన్నేళ్లుగా నా దగ్గరున్న ఆయుధం ఒకటే. "అలా విరిస్తే కీళ్లు అరిగిపోతాయి, ముసలితనంలో వేళ్లు వంకర్లు పోతాయి." ఎవరు చెప్పారంటే మా అమ్మ. అమ్మకి వాళ్లమ్మ చెప్పింది. అంతకంటే సాక్ష్యం కావాలని నాకెప్పుడూ అనిపించలేదు. చిన్నదానికి ఇప్పుడు ఎముకలు, కీళ్ల పాఠం నడుస్తోంది. అన్నం తింటూ తింటూ, "అమ్మా, అది తప్పంట" అంది. డొనాల్డ్ ఉంగర్ అని అమెరికాలో ఒక డాక్టరు. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా సరిగ్గా ఇదే మాట అని తిట్టేదట. ఆయన ఊరుకోకుండా ఎడమ చేతి మెటికలు మాత్రం రోజుకి కనీసం రెండుసార్లు విరుస్తూ, కుడి చేతిని వదిలేశాడు. ఒక రోజు కాదు, ఒక ఏడాది కాదు, యాభై ఏళ్లు. 1998లో ఆ సంగతి వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదు, రెండింటికీ తేడా కూడా లేదు. 2009లో ఆయనకి ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది.

నాకు నవ్వు రాలేదు. ఒక్క మనిషి, రెండు చేతులు, అదొక పరిశోధనా? యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా నిద్రలో కుడి చెయ్యి విరవలేదని ఏమిటి నమ్మకం? ఇవన్నీ అడిగాను. మా ఆయన తల ఎత్తలేదు. కంచంలోకి చూసుకుంటూ చాలా శ్రద్ధగా అన్నం కలిపాడు. ఏదైనా అని ఉంటే బావుండేది. ఆ కలపడం ఉంది చూశారూ, అది కావాలని.

పోనీ ఉంగర్‌ని వదిలేద్దాం. అసలు ఆ చప్పుడు ఎముకా ఎముకా కొట్టుకోవడం కానే కాదు. ఎముకల కొసల్ని నున్నటి మృదులాస్థి కప్పి ఉంటుంది. రెండు కొసల మధ్యా గుడ్డు తెల్లసొనలాంటి జారుడు ద్రవం. వేలు లాగినప్పుడు ఆ కాస్త సందు పెద్దదై, లోపల ఒత్తిడి పడిపోయి, ద్రవంలో కరిగున్న గ్యాసు బుడగ కడుతుంది. అదీ టప్‌మనడం. 2015లో ఎమ్మారైలో వేలు పెట్టి లాగించి, బుడగ కట్టడం కళ్లారా చూశారు కూడా. ఆ గ్యాసు మళ్లీ ద్రవంలో కలవాలి, అందుకే ఒకసారి విరిచిన మెటిక దాదాపు ఇరవై నిమిషాల దాకా మళ్లీ పలకదు. ఇదైతే నాకు ఏ ఎమ్మారై లేకుండానే తెలుసు. ఒక్కోసారి లేచి నీళ్లు తాగొచ్చి పడుకుని మళ్లీ లాగుతాడు, ఏమీ రాదు, అప్పుడు నాకు కలిగే తృప్తి ఎవరికీ చెప్పుకోలేనిది.

రెండో ఓటమి కూడా అదే భోజనంలో. "వేలిని మడిచే కండ ఎక్కడుంటుంది?" అంది చిన్నది. నేను దాని వేలు గిల్లి "ఇక్కడే" అన్నాను. కాదట. వేళ్లలో కండలే ఉండవు. కొన్ని అరచేతిలో ఉంటాయి, పెద్దవి ముంజేతిలో. అక్కడి నుంచి టెండన్లు, అంటే కండని ఎముకకి కట్టే తాళ్లు, మణికట్టు దాటి వేలి ఎముకల దాకా వస్తాయి, బొమ్మలాటలో దారాల్లాగా. మోచేతికి కాస్త కింద పట్టుకుని వేళ్లు ఆడించి చూడండి, లోపల కదులుతుంటుంది. తరవాత ముగ్గురం బల్ల మీద చేతులు పెట్టి, మధ్యవేలు లోపలికి మడిచి, మిగతావి ఒక్కొక్కటే ఎత్తాం. బొటనవేలు లేచింది, చూపుడువేలు లేచింది, చిటికెన వేలు లేచింది. ఉంగరం వేలు మాత్రం బల్లకి అంటించినట్టు ఉండిపోయింది. దాని టెండన్‌కీ మధ్యవేలి టెండన్‌కీ చేతి వెనకాల లంకె ఉంటుందట, ఒకటి మడిస్తే రెండోది సొంతంగా లేవలేదు. చిన్నది రెండో చేత్తో దాన్ని ఎత్తి పట్టుకుని "లేచింది, లేచింది" అని అరిచింది. నవ్వుకున్నాం.

దాని పుస్తకం చూస్తే మాత్రం చిరాకేసింది. మొత్తం ఎముకలు 206, ఖాళీ పూరించుము. ఆ 206లో 54 ఈ రెండు చేతుల్లోనే, మణికట్లతో కలిపి ఉన్నాయని, పాదాల్లోవి 52 కూడా కలిపితే సగం దాటిపోతాయని ఒక్క ముక్క రాయొచ్చుగా? పుట్టినప్పుడు అంతకంటే ఎక్కువుండి, పెరిగేకొద్దీ అతుక్కుని తగ్గుతాయని రాయొచ్చుగా? అలాంటిదేం లేదు. కానీ కీళ్ల పేర్లు బావున్నాయి, ఒప్పుకోవాలి. బంతి గిన్నె కీలు, మడత బందు కీలు, జారెడు కీలు, బొంగరపు కీలు. ఈ బొంగరపు కీలు దగ్గర ఆగిపోయాను. మెడ దగ్గరి బొమ్మ ఒక్కటే వేశారు. ముంజేతిలోనూ ఉంది, వెయ్యలేదు.

అది నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. తొమ్మిదేళ్లప్పుడు పిట్టగోడ మీంచి పడ్డాను, కుడి చెయ్యి కింద పెట్టి. ముంజేతిలో రెండు ఎముకల్లో ఒకటి విరిగింది, రెండోది వంగింది. చిన్నపిల్లల ఎముకలు పచ్చి కొమ్మల్లా ఉంటాయి, ఒక్కోసారి పుటుక్కున తెగకుండా ఒక పక్క చీలి వంగుతాయి అని డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించారు. ఆరు వారాలు కట్టు. కట్టు లోపల దురద, స్కేలు దూర్చి గోక్కోవడం, అది అందరికీ తెలిసిందే. నాకు గుర్తున్నది కట్టు కోసిన రోజు. రంపం గుర్రుమంటూ ఉంటే నా చెయ్యి కూడా పోతుందని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అక్కడ వేరే ఎవరిదో చెయ్యి ఉంది. సన్నగా, పుల్లలాగా, చర్మం పొట్టు రేగి. ఆరు వారాలు పనిలేకపోతే కండ అంతలా కరిగిపోతుందని అప్పుడు తెలియదు కదా, మార్చేశారనుకున్నాను.

ఇంటికొచ్చి మొహం కడుక్కుందామని కుళాయి కింద దోసిలి పట్టాను. పట్టలేకపోయాను. ఎడమ చెయ్యి వెల్లకిలా తిరిగింది, కుడిది సగంలో ఆగిపోయింది. నీళ్లన్నీ ఆ వంపులోంచి మోచేతి మీదుగా కారిపోయాయి. అరచెయ్యి తిరగాలంటే బొటనవేలి వైపు ఎముక, చిటికెన వేలి వైపు ఎముక చుట్టూ తిరగాలి. వెల్లకిలా పెడితే రెండూ పక్కపక్కన, బోర్లిస్తే ఒకదాని మీద ఒకటి అడ్డంగా. నాకది బిగుసుకుపోయింది. అప్పుడు నాన్న రోజూ సాయంత్రం చేతికి స్కేలు ఇచ్చి, మోచెయ్యి పక్కకి ఆనించి, స్కేలు అటూ ఇటూ తిప్పించేవాడు. ఇరవై సార్లు. తిప్పుతున్నంతసేపూ తన చెయ్యి నా జబ్బ మీద ఉండేది. మోచెయ్యి మడిచి అరచెయ్యి పైకి తిప్పే బలమంతా చాలావరకు జబ్బ కండదే, అది ఉబ్బుతోందా లేదా అని చూసేవాడు. ఉబ్బితేనే లెక్క. లేకపోతే "ఇది చెల్లదు" అనేవాడు. పద్నాలుగు దగ్గర ఏడుపొచ్చేది. ఎన్నాళ్లకి దోసిలి వచ్చిందో గుర్తులేదు గానీ, నీళ్లు నిలబడ్డ రోజు మొహం కడుక్కోకుండా అలాగే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. వెళ్లేసరికి సగమే మిగిలాయి.

ఇది రాస్తూ రాస్తూ, ఓహో ఇందుకే నాకు ఆ టప్‌మనే చప్పుడు పడదు, ఎముక విరిగిన చప్పుడు మనసులో ఉండిపోయింది అని ఒక వాక్యం రాశాను. చదువుకుంటే ఎంత బావుందో. కొట్టేశాను. అబద్ధం. ఆ రోజు నాకే చప్పుడూ వినపడలేదు, పక్కింటి పిల్ల కేక తప్ప.

చప్పుడు కాదేమో, లెక్కేమో. రోజూ పదీ అయ్యేదాకా నేను ఊపిరి బిగబట్టి వింటాను. ఐదో ఆరో దగ్గర మధ్యలో ఆపితే ఇంకా కోపం. కీళ్లు అరిగిపోతాయని పన్నెండేళ్లు తిట్టింది నిజంగా ఆయన కీళ్ల కోసమా అంటే, చెయ్యి గుండెల మీద పెట్టి అవునని చెప్పలేను. ముసలితనంలో నొప్పులొస్తే బావుండు, నేను చెప్పానా అనొచ్చు అని కూడా అనుకున్న రోజులున్నాయి. ఇది ఆయన చదవడు కాబట్టి రాస్తున్నాను.

ఇవాళ తొమ్మిదే. ఎడమ బొటనవేలు రాలేదు. నాకు వినపడలేదా, లాగినా పలకలేదా, గెలిచాను కదా అని జాలిపడి వదిలేశాడా తెలియడం లేదు. ఇప్పుడు పన్నెండుంబావు, లోపల గురక కూడా మొదలైంది. పొద్దున అడుగుదామంటే, నేను రోజూ లెక్కపెడతానని తెలిసిపోతుంది.