జపాన్ ఎన్ గేజ్: ముందు రేక్ పొడవు, తర్వాతే రైలు

జపాన్ మోడల్ రైళ్ల మీద మనసు పడ్డవాళ్లు చాలామంది ముఖం చూసి బండిని ఎంచుకుంటారు. పొడుగు ముక్కు షింకన్‌సెన్ (జపాన్ బుల్లెట్ రైలు) నచ్చుతుంది, లేదా ముందు భాగంలో ఆకుపచ్చ చుక్కలున్న టోక్యో యమనోటె లైను బండి నచ్చుతుంది. తీరా ఇంటికొచ్చాక బల్ల చాలదు, మలుపు చాలదు, పెట్టెలు సగం అట్టపెట్టెలోనే ఉండిపోతాయి. జపాన్‌లో ప్రయాణికుల రైళ్లలో ఎక్కువ భాగం ముందు ఇంజను తగిలించి లాగేవి కావు. మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి, రేక్ (కలిపిన పెట్టెల వరుస) మొత్తం కలిసి ఒకే బండి. కాబట్టి ఈ హాబీలో మొదట తేల్చుకోవాల్సింది ఏ రైలు అని కాదు, ఎన్ని పెట్టెల రేక్ అని. పట్టాల మలుపు, బల్ల కొలత, నిల్వ, ఖర్చు అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

కొలతల సంగతి ముందు చూద్దాం. ఎన్ గేజ్ అనే ఈ చిన్న మోడల్ రైళ్ల కొలతలో రెండు పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. జపాన్ కంపెనీలు షింకన్‌సెన్‌ను 1/160 నిష్పత్తిలో, మామూలు లైన్ల బండ్లను 1/150లో చేస్తాయి. షింకన్‌సెన్ అసలు గేజ్ 1435 మి.మీ., దాన్ని 160తో భాగిస్తే 8.97 వస్తుంది, అంటే దాదాపు కచ్చితం. మామూలు లైన్ల గేజ్ 1067 మి.మీ., 150తో భాగిస్తే 7.1 మాత్రమే. అందుకే ఎదురుగా నిలబడి చూస్తే మామూలు బండ్ల కింద పట్టాలు కాస్త వెడల్పుగా కనిపిస్తాయి. పక్కనుంచి చూస్తే తెలియదు. కాటో పేరుతో అమ్మే సెకిసుయి కిన్‌జోకు సంస్థ 1965లో సి50 ఆవిరి ఇంజనుతో జపాన్‌లో ఎన్ గేజ్‌ను మొదలుపెట్టింది. టొమిక్స్ 1976లో వచ్చింది. మైక్రో ఏస్, గ్రీన్‌మాక్స్ లాంటివి ఈ రెండూ చేయని బండ్లను చేస్తుంటాయి. కానీ పట్టాల విషయంలో మీరు ఎంచుకోవాల్సింది మొదటి రెండింటిలో ఒకటే.

ఇప్పుడు రేక్ లెక్క. మామూలు లైను పెట్టె అసలు పొడవు సుమారు 20 మీటర్లు, మోడల్‌లో 13.3 సెంటీమీటర్లు. యమనోటె లైను ఇ235 బండికి 11 పెట్టెలు, అంటే దాదాపు మీటరున్నర. షింకన్‌సెన్ పెట్టె సుమారు 25 మీటర్లు. టోక్యో-ఒసాకా మధ్య తొకైదో షింకన్‌సెన్ లైను ఎన్700ఎస్ రేక్‌కు 16 పెట్టెలు, మోడల్‌లో రెండున్నర మీటర్లు. దీన్ని బల్లతో పోల్చి చూడండి. కాటో ఆర్315 (315 మి.మీ. వ్యాసార్థం) మలుపులు 8, పక్కకు నాలుగేసి చొప్పున ఎస్248 (248 మి.మీ. పొడవు) నేరు పట్టాలు 8 కలిపితే వచ్చే అండాకారం చుట్టుకొలత సుమారు 3.96 మీటర్లు. బల్ల మీద అది 165 సెం.మీ. పొడవు, 66 సెం.మీ. వెడల్పు తీసుకుంటుంది. దాని మీద 16 పెట్టెలు పెడితే పట్టాల్లో మూడింట రెండు వంతులు రైలే ఉంటుంది. ముక్కు తోకను తరుముతున్నట్టు ఉంటుంది తప్ప రైలు ఎక్కడికో వెళ్తున్నట్టు అనిపించదు.

చుట్టుకొలతలో మూడో వంతుకు మించని రేక్ అయితే చూడ్డానికి బాగుంటుందని నా లెక్క. అలాగని అసలు రేక్‌ను కత్తిరించి నడపడం నాకు నచ్చదు. నిజంగానే చిన్న రేక్‌తో నడిచే బండ్లు జపాన్‌లో కావలసినన్ని ఉన్నాయి. క్యూషు షింకన్‌సెన్ 800 సిరీస్‌కు 6 పెట్టెలే, మోడల్‌లో మీటరులోపు. అకితా వైపు వెళ్లే ఇ6కు 7. నంబు లైను ఇ233కు 6, అంటే 80 సెం.మీ. పల్లె లైన్లలో తిరిగే కిహా 40 డీజిల్ బండి ఒక్క పెట్టెగానే నడుస్తుంది, చిన్న బల్ల మీద దానికి మించిన బండి లేదు. అసలు రేక్ పూర్తిగా పట్టాల మీద నిలబడితే వచ్చే తృప్తి, 16లో 4 పెట్టెలు తిప్పితే రాదు.

అట్టపెట్టెల మీద సెట్ల పేర్లు జాగ్రత్తగా చూడాలి. పెద్ద రేక్‌ను కంపెనీలు ముక్కలుగా అమ్ముతాయి: ప్రాథమిక సెట్టు, అదనపు సెట్టు. ఎన్700ఎస్‌ను కాటో 4, 4, 8గా అమ్మింది. మోటారు పెట్టె, రెండు చివర్ల డ్రైవర్ పెట్టెలు సాధారణంగా ప్రాథమిక సెట్టులోనే ఉంటాయి. అదనపు సెట్టు ఒక్కటే కొంటే అది తనంతట తాను కదలదు. పాత సరుకు దుకాణాల్లో అదనపు సెట్లు చవగ్గా కనిపిస్తాయి, కారణం తరచుగా ఇదే. పెట్టె కోడ్ చదవడం వస్తే మోసపోరు: కు అంటే డ్రైవర్ గది ఉన్నది, మో అంటే మోటారు ఉన్నది, సా అంటే రెండూ లేనిది, కి అంటే డీజిల్, హా అంటే మామూలు తరగతి, రో అంటే గ్రీన్ తరగతి (మామూలు కంటే పై తరగతి). అయితే అసలు రైల్లో మో అని ఉన్న ప్రతి పెట్టెకూ మోడల్‌లో మోటారు ఉండదు. సాధారణంగా రేక్ మొత్తానికి ఒక్కదానికే ఉంటుంది. అది ఏ పెట్టె అన్నది కంపెనీ వివరంలో విడిగా రాసి ఉంటుంది.

పట్టాల్లో కాటో యూనిట్రాక్, టొమిక్స్ ఫైన్‌ట్రాక్ రెండూ మంచివే, కానీ కొలతలు కలవవు. యూనిట్రాక్ నేరు ముక్క 248 మి.మీ., జంట లైన్ల మధ్య దూరం 33 మి.మీ. ఫైన్‌ట్రాక్‌లో 280, 37. మొదట్లో రెండింటినీ కలపకండి. జంట లైను వేసేవాళ్లకు ఇంకో మాట: జపాన్‌లో రైళ్లు ఎడమవైపు నడుస్తాయి. దానికి తగ్గట్టు తిప్పితేనే స్టేషన్, సిగ్నళ్లు సరైన చోట పడతాయి. షింకన్‌సెన్‌కు ఆర్315 కంటే చిన్న మలుపు వద్దు. పెట్టె పొడవు వల్ల మలుపులో నడుము లోపలికి, చివర్లు బయటికి వస్తాయి. జంట లైనులో ఎదురు బండికి తగలకుండా ముందే రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి చేత్తో తోసి చూడాలి.

విడిగా గది లేనివాళ్లు జపాన్‌లో తతామి (నేల మీది గడ్డి చాప) మీదే పట్టాలు పరిచి, నడిపి, మళ్లీ తీసి సర్దేస్తారు. దీన్ని ఒజషికి ఉన్‌తెన్ అంటారు. చక్కని పద్ధతి, కానీ నేల మీది దారాలు, వెంట్రుకలు ఇరుసులకు చుట్టుకుని గేర్లలోకి పోతాయి. తివాచీ మీదైతే పట్టాలు కుంగి అతుకులు విడిపోతాయి. కింద పలచని ప్లైవుడ్ గానీ గట్టి ఫోమ్ బోర్డు గానీ వేస్తే రెండు బాధలూ తప్పుతాయి.

కరెంటు విషయంలో మొదటి జాగ్రత్త పవర్ ప్యాక్ (పట్టాలకు కరెంటు ఇచ్చి వేగాన్ని అదుపు చేసే పరికరం) దగ్గరే. జపాన్ మార్కెట్ కోసం చేసిన ప్యాక్‌లు 100 వోల్టులవి. 220, 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే మొదటికే మోసం వస్తుంది. అడాప్టర్ మీద రాసిన ఇన్‌పుట్ వోల్టేజీ చదవందే ప్లగ్ పెట్టకండి. అవసరమైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. పట్టాల మీదికి వచ్చేది గరిష్ఠంగా 12 వోల్టుల డీసీ. ధ్రువాలు మారిస్తే రైలు వెనక్కి నడుస్తుంది. అందుకే పట్టాలను తిప్పి వాటి మీదికే తీసుకొచ్చే రివర్స్ లూప్ వేస్తే ప్లస్, మైనస్ కలిసి షార్ట్ అవుతుంది. ఇన్సులేటెడ్ జాయినర్లు (కరెంటు దాటనివ్వని పట్టాల అతుకులు), విడి స్విచ్ లేకుండా ఆ అమరిక పనిచేయదు. రెండు ప్యాక్‌లతో నడిచే జంట లైన్ల మధ్య క్రాసోవర్ (ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే దారి) పెట్టినా అంతే, మధ్యలో ఇన్సులేటెడ్ జాయినర్ తప్పనిసరి.

పాయింట్లు (పట్టాలు రెండు దారులుగా చీలే చోట్లు) ఎటు తిరిగి ఉంటే ఆ దారికే కరెంటు వెళ్లే పద్ధతి చాలా ఉపయోగం. ఒకే ప్యాక్‌తో ఒక బండిని సైడింగ్‌లో (పక్క పట్టాల మీద) నిలిపి ఇంకోదాన్ని నడపొచ్చు. కాటో 4వ నంబరు పాయింటు కింద స్క్రూల స్థానం మార్చి ఈ పద్ధతి కావాలో వద్దో ఎంచుకోవచ్చు. స్టేషన్‌లో రెండు చివర్లా పాయింట్లున్న లూప్ లైను వేస్తే ఆ రెండూ ఎప్పుడూ ఒకే దారికి ఉండాలి. ఒకటి మెయిన్‌కు, ఒకటి లూప్‌కు ఉంటే రైలు ఆగిపోతుంది, కొన్ని అమరికల్లో షార్ట్ కూడా అవుతుంది. బండి చెడిపోయిందని విప్పేముందు పాయింట్లు చూడండి.

ఫీడర్ (పట్టాలకు కరెంటు తెచ్చే తీగ) దగ్గర వేగంగా, దూరం వెళ్లేకొద్దీ నెమ్మదిగా నడుస్తుంటే మోటారుది తప్పు కాదు. అతుకుల్లో లోహపు జాయినర్ వదులై వోల్టేజీ పడిపోతోందని అర్థం. వదులైనవాటిని మార్చండి, ఎదురు పక్కన రెండో ఫీడర్ ఇవ్వండి. రెండో ఫీడర్ ధ్రువాలు మొదటిదానితో సరిపోవాలి, లేకపోతే అదే షార్ట్.

పట్టాలు తప్పడం అందరినీ విసిగించే సమస్య, కానీ కారణం కనుక్కోవడం తేలిక. వేర్వేరు పెట్టెలు ఒకే చోట తప్పుతుంటే లోపం పట్టాలది. ఒకే పెట్టె వేర్వేరు చోట్ల తప్పుతుంటే లోపం పెట్టెది. పట్టాలదైతే అతుకు మీద గోరు నడపండి, చిన్న మెట్టు తగిలినా చక్రం ఎక్కేస్తుంది. జాయినర్‌లోకి పట్టా దూరకుండా పైనో కిందో ఉండిపోవడం తరచుగా జరిగే పొరపాటు. ఎడమ మలుపు వెంటనే కుడి మలుపు వస్తే పొడవాటి పెట్టెలు ఒకదాన్నొకటి పక్కకు నెడతాయి. మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవు నేరు పట్టా ఉండాలి. పాయింటు దగ్గర తప్పుతుంటే కదిలే నాలుక పట్టా పక్క పట్టాకు పూర్తిగా ఆనిందో లేదో చూడండి, ఒక ఇసుక రేణువు చాలు అడ్డుపడటానికి. పెట్టెదైతే చక్రాల ఫ్రేము రెండు వైపులా స్వేచ్ఛగా తిరుగుతోందా, ఇరుసు సరిగ్గా కూర్చుందా, కప్లర్ (పెట్టెలను కలిపే కొక్కెం) బిగుసుకుపోయిందా చూడాలి. లోపలి దీపాల కిట్ బిగించాక మొదలైతే, కరెంటు తెచ్చే రాగి ముక్క ఫ్రేమును నొక్కేస్తోందేమో చూడండి.

ఎత్తు ఎక్కే లైను నూటికి 4 మించకూడదు, అంటే మీటరుకు 4 సెం.మీ. పొడవాటి రేక్‌కు అది కూడా ఎక్కువే, 2 నుంచి 3 మధ్య ఉంచితే మంచిది. మలుపులో ఎత్తు కలిస్తే బరువు తక్కువున్న మధ్య పెట్టెలు లోపలికి పడిపోతాయి. మోటారు పెట్టె చక్రాలకు ఉండే రబ్బరు టైర్లే పట్టు ఇస్తాయి. అవి ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి జారతాయి, ఒక్కోసారి ఊడి బండి కుంటుతుంది. విడిగా దొరుకుతాయి, పట్టకారుతో మార్చడం పది నిమిషాల పని. గేర్లకు నూనె వేసేటప్పుడు సూది మొనతో చుక్కలో సగం చాలు. ఎక్కువైతే అది టైర్ల మీదికి, అక్కణ్నుంచి పట్టాల మీదికి పాకి పట్టు పోతుంది.

పట్టాలు నికెల్ సిల్వర్‌వి, అంటే రాగి, నికెల్, జింకు మిశ్రమం. గరుకు కాగితంతో రుద్దకండి. మెరుస్తాయి గానీ గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది. ఐసోప్రోపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. మోటారు పెట్టె చక్రాలకు మంచి ఉపాయం ఉంది: తడిపిన టిష్యూను పట్టాల మీద అడ్డంగా వేసి, ఒక ఫ్రేమును దాని మీద, రెండోదాన్ని వట్టి పట్టాల మీద ఉంచి, బండిని చేత్తో పట్టుకుని నెమ్మదిగా నడపండి. నల్లని గీతలు ఆగేదాకా టిష్యూ జరుపుతూ ఉండండి. ఆల్కహాల్ పెట్టె రంగుకు తగలనీయొద్దు.

కప్లర్ల గురించి ఒక్క మాట. కంపెనీలు మారితే పెట్టెలు కలిసేది ఆర్నాల్డ్ కప్లర్‌తోనే. అది నమ్మకమైనదే గానీ పెట్టెల మధ్య ఎడం ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే రేక్‌లోని పెట్టెలకు టొమిక్స్ టీఎన్ కప్లర్ లాంటివి బిగిస్తే ఆ ఎడం బాగా తగ్గుతుంది. మార్చేముందు ఒక జత మార్చి, మీ దగ్గరున్న అతి చిన్న మలుపులో పెట్టెలు ఒకదానికొకటి తగలడం లేదని చూసుకుని, తర్వాతే రేక్ అంతా మార్చండి.

పెట్టెల వరుస సరిగ్గా ఉండాలి. తొకైదో షింకన్‌సెన్‌లో 1వ పెట్టె షిన్-ఒసాకా వైపు, 16వది టోక్యో వైపు, గ్రీన్ పెట్టెలు 8, 9, 10. యమనోటె ఇ235లో చాలా రేక్‌లకు 10వ పెట్టె పాత ఇ231 నుంచి తెచ్చి మార్చినది, అందుకే దాని రూపం పక్క పెట్టెలతో పూర్తిగా కలవదు. మోడల్‌లో అది వేరుగా కనిపిస్తే లోపం అనుకోకండి. కాలం కూడా చూసుకోవాలి: జాతీయ రైల్వే 1987 ఏప్రిల్ 1న జేఆర్ కంపెనీలుగా విడిపోయింది. 485 లాంటి ఒకే బండికి ఆ ముందరి మోడల్, తర్వాతి మోడల్ విడివిడిగా వస్తాయి. రెండూ కలిపి ఒక రేక్ చేస్తే తెలిసినవాళ్ల కంటికి వెంటనే తగులుతుంది.

వేగం చాలామంది పట్టించుకోరు. 1/150లో గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 18.5 సెంటీమీటర్లు, మీటరు దాటడానికి దాదాపు 5.4 సెకన్లు. తొకైదో షింకన్‌సెన్ గరిష్ఠ వేగం 285 కి.మీ. అయినా మీటరుకు 2 సెకన్లు పట్టాలి. పట్టాల పక్కన మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో చూసి, ప్యాక్ గుండీ దగ్గర ఆ స్థానం గుర్తుపెట్టుకోండి. బండి ఒక్కసారిగా నిజమైనదిగా మారుతుంది.

నిల్వకు పుస్తకంలా తెరుచుకునే కేసులు వాడతారు, లోపల యూరెథేన్ ఫోమ్ ఉంటుంది. తేమ, వేడి ఎక్కువగా ఉన్న చోట ఏళ్లు గడిస్తే ఆ ఫోమ్ కరిగి జిగురై రంగుకు అంటుకుంటుంది. పెట్టెకూ ఫోమ్‌కూ మధ్య పలచని పాలిథిన్ పొర వేయండి. మెత్తని వినైల్ వద్దు, దానిలోని రసాయనాలు కూడా రంగును పాడుచేస్తాయి. వేలు పెడితే ఫోమ్ జిగటగా తగిలిందంటే ఆ రోజే మార్చండి.

చివరిగా కొనుగోలు. జపాన్ కంపెనీలు ఒక బండిని ఏడాది పొడవునా చేయవు. ఒక విడత చేసి ఆపేస్తాయి, మళ్లీ చేసేదాకా టోక్యోలోని అకిహబరా దుకాణాల్లో దొరికే పాత సరుకే దిక్కు. ప్రాథమిక సెట్టు కొని, అదనపు సెట్టు తర్వాత చూద్దామనుకుంటే అప్పటికి అది ఉండకపోవచ్చు. మళ్లీ చేసినా లైట్ల రంగు, చిన్న భాగాలు మారొచ్చు. పూర్తి రేక్ కావాలనుకుంటే అన్ని సెట్లనూ ఒకే విడతలో, ముందస్తు ఆర్డర్‌తో తీసుకోండి.