బ్యాటరీ తప్పేం లేదు

కారులో మూడు రోజుల ట్రిప్పు. మొదటి రోజు గురించి చెప్పడానికేం లేదు. రెండో రోజు పొద్దున్నే ఘాట్ రోడ్డు మలుపులో ఫొటోలకని ఐదు నిమిషాలు ఆపాం, మళ్ళీ ఎక్కి తాళం తిప్పితే టక్ అని ఒక్క చప్పుడు, అంతే. సెల్ఫ్, అంటే ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు, తిరగలేదు. గేరు న్యూట్రల్‌లోనే ఉంది, క్లచ్ పూర్తిగా తొక్కాను, అయినా అదే టక్.

నాకు ముందు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే పోయిన నెల ఇదే జబ్బుకు వర్క్‌షాప్‌లో వోల్టులు చూసే మీటర్ కూడా పెట్టకుండా కొత్త బ్యాటరీ వేసి పంపించారు. ఇంతలో ఒక కారాయన ఆపి "బ్యాటరీ డౌన్ అయింది, జంప్ చేద్దాం" అన్నాడు, అంటే తన బ్యాటరీ నుంచి కేబుల్స్‌తో నా బండికి కరెంటు ఇవ్వడం. నా డిక్కీలో కేబుల్స్ ఉన్నాయి. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ తగిలించాం. పది నిమిషాలు చూసినా టక్ తప్ప ఏమీ లేదు. ఇక టోయింగే అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

తరవాత వచ్చిన లారీ డ్రైవర్‌ను జంప్ ఇస్తారా అని అడిగితే ఒప్పుకోలేదు. "నాది 24 వోల్టులు, నీ 12 వోల్టుల బండికి పెడితే లోపల ఉన్నవన్నీ కాలిపోతాయి తమ్ముడూ" అని, హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమన్నాడు. లైట్లు కొంచెం కూడా మసకబారలేదు. "చూశావా, బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఇవి ఆరిపోయేవి. కరెంటు ఉంది, సెల్ఫ్ దాకా వెళ్ళట్లేదు."

తన మీటర్ తెచ్చాడు. బ్యాటరీ మీద 12.5 వోల్టులు. తాళం తిప్పినప్పుడు 12.2. మామూలుగా సెల్ఫ్ తిరిగేటప్పుడు అది పది, పదకొండు దాకా దిగాలి, దిగట్లేదంటే కరెంటు లాగేవాళ్ళే లేరన్నమాట. తరవాత మీటర్ ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిన్ లోహం మీద ఆనించి మళ్ళీ తిప్పమన్నాడు. అర వోల్టు దాటకూడని చోట తొమ్మిది దాటింది! మైనస్ నుంచి ఇంజిన్‌కు వెళ్ళే ఎర్త్ వైరు పోయింది. వంగి చూస్తే బోల్టు దగ్గర పచ్చటి చిలుము, రబ్బరు తొడుగు వెనక్కి జరిపితే నాలుగైదు పోగులు మాత్రమే మిగిలాయి, ముట్టుకుంటే వేడిగా ఉన్నాయి. బాడీ ఎర్త్ వేరే వైరు కాబట్టి లైట్లు వెలిగాయి. సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్ లాంటి సోలనాయిడ్‌కు కొంచెం కరెంటు చాలు కాబట్టి టక్ అంది, మోటారు తిరగడానికి మాత్రం ఆ నాలుగు పోగులు సరిపోలేదు.

నా కేబుల్‌లో నల్లదాన్నే ఒక చివర బ్యాటరీ మైనస్‌కు, రెండో చివర ఇంజిన్ ఎత్తే కొక్కేనికి తగిలించాడు. తాళం తిప్పగానే బండి అందుకుంది. జంప్ చేసేటప్పుడు ఆఖరి నల్ల క్లిప్పు ఇంజిన్ లోహానికే పెట్టాలని బండి పుస్తకంలోనే ఉంటుంది, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పడకూడదని. మేం అలా పెట్టి ఉంటే మొదటిసారే స్టార్ట్ అయ్యేది, ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

బండి నడుస్తుండగా బ్యాటరీ మీద 14.1 వచ్చింది, చార్జింగ్ బాగుంది. కేబుల్ బెల్టుకు తగలకుండా తాడుతో కట్టి, నెమ్మదిగా కొండ దిగాం. సాయంత్రం కొత్త ఎర్త్ వైరు వేయించి, బోల్టు కింద లోహం మెరిసేదాకా గీకించి, తాళం వాళ్ళ చేతికిచ్చి నేనే మీటర్ పట్టుకున్నాను. మైనస్‌కూ ఇంజిన్‌కూ మధ్య 0.2.