జ్వరం తగ్గిన రోజు

శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చిన మా పాప బ్యాగు గుమ్మంలోనే దించి, పాలు కూడా తాగకుండా మంచమెక్కింది. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. థర్మామీటరు 102.6 చూపించింది. జలుబు లేదు, దగ్గు లేదు. కళ్ల వెనక నొప్పిగా ఉందని, కాళ్లు పీకుతున్నాయని మాత్రం చెప్పింది. గుంటూరులో ఆగస్టు వానలు పడుతున్న రోజుల్లో పిల్లలు చెప్పే ఆ రెండు మాటలనూ ఎంత శ్రద్ధగా వినాలో నాకప్పుడు తెలియదు.

పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. శని, సోమవారాల్లో బడి మానిపించడానికి పెద్దగా ఆలోచించవలసిన పని లేకపోయింది, ఎందుకంటే జ్వరం 103 దాకా వెళ్తూ, మందు వేసిన మూడు నాలుగు గంటలకే మళ్లీ వచ్చేది. సోమవారం సాయంత్రం మా వీధి చివరి క్లినిక్‌కు తీసుకువెళ్లాము. డాక్టరుగారు బరువు చూసి, 24 కిలోలకు తగినట్టు పారాసెటమాల్ మోతాదు రాసి, నొప్పులకని మరే మాత్రా వేయవద్దని, మర్నాటికి కూడా జ్వరం ఉంటే రక్తపరీక్ష చేయిద్దామని చెప్పారు. మంగళవారం ఉదయం ఆరింటికి చూస్తే 98.4 ఉంది. రాత్రి పదింటి తరువాత మందు వేయనేలేదు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాము. ఆ రోజు లెక్కల ఎఫ్‌ఏ పరీక్ష.

బడికి పంపాలా వద్దా అనే ప్రశ్నకు మా ఇంట్లో అప్పటివరకూ ఒకటే కొలమానం ఉండేది: ఒళ్లు వేడిగా ఉంటే మానిపించడం, చల్లబడితే పంపడం. అయితే ఆ ఉదయం నా కళ్లముందు వేరే సంగతులు చాలా ఉన్నాయి. పాప ఇడ్లీ రెండు ముక్కలు తుంచి పళ్లెం పక్కకు జరిపింది. రాత్రి నుంచి ఒక్కసారి కూడా మూత్రానికి వెళ్లలేదు. జడ వేస్తుంటే కూర్చోలేక నా మోకాలి మీద తల వాల్చేసింది. అత్తయ్య అది చూసి, "పిల్ల మొహం వాడిపోయి ఉందమ్మా, ఈ ఒక్కరోజు మానిపించు" అన్నారు. "పరీక్ష కదా అత్తయ్యా, రాసేసి వచ్చి పడుకుంటుందిలెండి" అన్నాను. కిందటేడు ఒక్కరోజు కూడా మానకుండా వెళ్లినందుకు బడిలో ఇచ్చిన ప్రశంసాపత్రం గోడమీద ఉంది. ఈసారి రెండు రోజులు పోయాయని పాపకే దిగులుగా ఉంది. నాకేమో బ్యాంకులో సెలవులు అయిపోవచ్చాయి. ఈ మూడూ కలిసి నా చేత నిర్ణయం చేయించాయి. పాప ఒంటి పరిస్థితికి అందులో చోటు లేకపోయింది.

పదకొండు గంటలకు క్లాసు టీచరు ఫోను చేశారు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతోందని, రెండుసార్లు వాంతి అయిందని, చేతులు చల్లగా ఉన్నాయని చెప్పారు. నేను వెళ్లేసరికి స్టాఫ్ రూములో బల్లమీద పడుకుని ఉంది. పిలిస్తే కళ్లు తెరిచి, మళ్లీ మూసుకుంది. అక్కడి నుంచి నేరుగా పిల్లల ఆసుపత్రికి వెళ్లాము. డెంగీ వైరస్‌ను గుర్తించే ఎన్‌ఎస్‌1 అనే రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ప్లేట్‌లెట్లు 62 వేలు, రక్తంలో ఎర్రకణాల శాతాన్ని చూపే పీసీవీ 44. బీపీలో పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా తగ్గిపోతోందని, ఇంకో రెండు మూడు గంటలు ఆలస్యమైతే రక్తప్రసరణ పడిపోయి షాక్‌లోకి వెళ్లేదని చెప్పి వెంటనే సెలైన్ మొదలుపెట్టారు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వివరించిన విషయాన్ని పిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పాలనిపిస్తుంది. డెంగీలో ప్రమాదం జ్వరం తీవ్రంగా ఉన్న రోజుల కంటే అది దిగే సమయంలోనే ఎక్కువ. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య వేడి తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే కొందరిలో సన్నని రక్తనాళాల గోడల గుండా రక్తంలోని నీటిభాగం కడుపులోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న ఖాళీలోకి కారడం మొదలై, ఒకటి రెండు రోజులపాటు సాగుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది కనుక పీసీవీ పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది, చేతులూ కాళ్లూ చల్లబడతాయి. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా పడి ఉండటం లేదా కుదురు లేకుండా కదలడం కనిపిస్తే గంట కూడా ఆగకూడదు. అంటే నేను జ్వరం తగ్గిందని సంతోషించి జడ వేసిన ఆ అయిదో రోజు ఉదయమే పాపను అన్నిటికంటే జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండవలసిన సమయం.

చూడవచ్చిన వారందరూ ప్లేట్‌లెట్లు ఎంత అనే అడిగారు. డాక్టర్లు మాత్రం పీసీవీనీ, బీపీనీ, మూత్రాన్నీ ఎక్కువగా పట్టించుకున్నారు. మర్నాడు ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయినా రక్తస్రావం లేదు కనుక ఎక్కించనవసరం లేదన్నారు. మా పెద్దాడపడుచు ఎంతో ప్రేమతో బొప్పాయి ఆకు రసం తీసి తెచ్చింది. వాంతులతో ఉన్న పిల్లకు అది పట్టించడానికి నాకు మనసొప్పలేదు. ఆమెకు బాధ కలగకుండా పక్కన పెట్టాను. రాత్రంతా నర్సులు గంట గంటకూ వచ్చి నాడి చూసి, బీపీ కొలిచి, సెలైన్ వేగం మార్చేవారు. మూత్రం కొలిచి కాగితం మీద రాయడం నా పని. బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి పాప లేచి చాలాసేపు మూత్రం పోసింది. ఆ అంకె రాస్తుంటే నా చెయ్యి వణికింది.

గురువారం మధ్యాహ్నం, "అమ్మా, పెరుగన్నం తింటాను" అంది. కారిపోయిన నీరు తిరిగి నాళాల్లోకి వచ్చే దశలో ఎక్కువ సెలైన్ మంచిది కాదని డాక్టర్లు దాన్ని తగ్గిస్తూ వచ్చి, సాయంత్రానికి ఆపేశారు. అరిచేతులూ అరికాళ్లూ ఒకటే దురద. కాళ్లమీద ఎర్రటి దద్దురు, మధ్యలో తెల్లటి మచ్చలు. కోలుకుంటున్న గుర్తే కనుక కంగారు పడవద్దన్నారు. శనివారం ప్లేట్‌లెట్లు లక్షా పదివేలతో ఇంటికి వచ్చాము.

మళ్లీ బడికి ఎప్పుడు పంపాలన్న ప్రశ్న అప్పుడు రెండోసారి ఎదురైంది. రెండు రోజులుగా మందు లేకుండానే జ్వరం రావడం లేదు, అన్నం తింటోంది, కౌంటు పెరుగుతోంది. అయినా మేడమెట్లు ఎక్కితే ఆయాసపడుతోంది, పొద్దున పదకొండింటికే నిద్రపోతోంది. అందుకని పూర్తిగా ఒక వారం ఇంట్లోనే ఉంచాను. ఈసారి నా కొలమానం వేరు: ఉదయం లేచింది మొదలు మధ్యాహ్నం వరకు పడుకోకుండా, తనంతట తాను ఆడుకోగలిగిన రోజు చూసి పంపాలనుకున్నాను. అది తొమ్మిదో రోజున వచ్చింది. మొదటి మూడు రోజులు భోజనం వేళకే తీసుకువచ్చాను. నీరసం పూర్తిగా పోవడానికి మూడు వారాలు పట్టింది.

బడివాళ్లకు ఒక మాట నా అంతట నేనే వెళ్లి చెప్పాను. డెంగీ పిల్లల నుంచి పిల్లలకు నేరుగా అంటదు. కానీ జ్వరంగా ఉన్న పిల్లను కుట్టిన దోమ కొన్ని రోజుల తరువాత మరొకరిని కుడితే అంటుతుంది. ఆ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది. అందువల్ల డెంగీ అనే అనుమానంతో జ్వరంగా ఉన్న బిడ్డను ఇంట్లో పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టడం తోటిపిల్లలకు చేసే మేలే. ఆ నెలలో పాప తరగతిలోనే మరో ఇద్దరికి డెంగీ వచ్చింది. టీచర్లు ఆ వారమే చేతులు కడుక్కునే చోట ఉన్న డ్రమ్ములు ఖాళీ చేయించి తోమించారు, ట్యాంకులకు మూతలు పెట్టించారు. వారానికొకసారి ఆ పని ఇప్పటికీ జరుగుతోంది.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి వచ్చి తగ్గినవారికి మరో రకం సోకితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈ ఏడు అక్టోబరులో పాపకు మళ్లీ జ్వరం వచ్చినప్పుడు రెండో రోజే రక్తం పరీక్ష చేయించాను. డెంగీ కాదన్నారు. నాలుగో రోజు ఉదయం ఒళ్లు చల్లబడింది. "నాకు బాగానే ఉందమ్మా, వెళ్తాను" అని యూనిఫాం వేసుకుని వచ్చింది. బ్యాంకుకు ఫోను చేసి సెలవు చెప్పాను. పాపను పక్కన కూర్చోబెట్టుకుని గ్లాసు గ్లాసుగా మజ్జిగ, గంజినీళ్లు తాగించాను. ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లిందో కేలెండరు వెనక గీతలు గీశాను. సాయంత్రానికి అయిదు గీతలయ్యాయి. వీధిలో పిల్లలతో తొక్కుడుబిళ్ల ఆడి, ఆకలేస్తోందంటూ లోపలికి వచ్చింది. మర్నాడు ఉదయం జడ వేస్తున్నప్పుడు నిటారుగా కూర్చుని, ఎక్కం అప్పజెప్పింది. ఆ రోజు బడికి పంపాను.