ఏడు రాత్రుల్లో మూడు నది కోసం

శనివారం, రాత్రి 10 గంటలు

పొద్దుటి నుంచి ముసురే. ఇంగ్లండ్‌లోని మా రెడింగ్‌లో నవంబర్ చివర్న నాలుగు గంటలకల్లా చీకటి పడిపోతుంది. ఇవాళ నాకు డ్యూటీ లేదు. బట్టలు మిషన్‌లో వేసి, బల్ల తుడిచి, దాని మీద పశ్చిమాఫ్రికాలోని గాంబియా దేశం మ్యాపు పరిచాను.

ఫిబ్రవరిలో పాపకు వారం రోజులు బడి సెలవు. ఎండ ఉన్న చోటికి వెళ్దామని మా ఆయన దీపావళి నుంచి అంటున్నారు. లండన్ నుంచి ఆరు గంటల ప్రయాణం, చలికాలంలో అక్కడి టైమూ ఇక్కడి టైమూ ఒకటే, అప్పుడు వానలూ ఉండవు. అందుకే గాంబియా అనగానే ముగ్గురం సరేననుకున్నాం. తేలనిదల్లా ఆ వారం ఎలా గడపాలన్నదే. ఆయనకు ఏడు రాత్రులూ కొలోలి బీచ్‌లోనే ఉండాలని. ఏడాదంతా రాత్రి షిఫ్టులు చేసిన మనిషి, ఎండలో ఊరికే పడుకుంటానంటే కాదనడానికి నోరు రాదు. నా మనసు మాత్రం గాంబియా నది మీద ఉంది.

ఆ ఆశ పెట్టింది ఆసుపత్రిలో మా వార్డులో నాతో పనిచేసే గాంబియా ఆవిడ. మొన్న టీ బ్రేక్‌లో ఫ్లాస్కు మూతలో ఎర్రటి రసం పోసిచ్చింది. వొంజో అంటారట. గుటక వేయగానే ఆ పులుపు పట్టేశాను, మన ఎర్ర గోంగూర! కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకుల్ని ఎండబెట్టి, మరిగించి, చక్కెర కలుపుతారు. మేం ఆకు తింటామని చెబితే, మేమూ వండుకుంటామని ఎంత సంతోషపడిందో. తర్వాత తనే అంది: "వచ్చినవాళ్లంతా సముద్రం ఒడ్డున వారం ఉండి, గాంబియా చూసేశాం అంటారు. మా ఊరు నది ఎగువన ఉంది. మా దేశమంటే ఆ నదే." ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం చూశాను. అందుకే మర్చిపోలేకపోతున్నాను.

మ్యాపు చూస్తే ఆవిడ అన్నది అక్షరాలా నిజం. గినీ కొండల్లో పుట్టిన నది అట్లాంటిక్‌కి పోతుంటే, దానికి రెండు వైపులా సన్నటి పట్టీలా ఈ దేశం. సముద్రం వైపు తప్ప చుట్టూ సెనెగలే. మొత్తం 11,300 చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లానే 19 వేలు దాటుతుంది! జనం 24 లక్షల పైచిలుకు. స్వాతంత్ర్యం వచ్చింది 1965 ఫిబ్రవరి 18న, అంటే ఆ పండగ రోజుకి మేం అక్కడే ఉంటాం.

తీరం నుంచి ఎగువన జాంజాన్‌బురేకి రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. అక్కడికి దగ్గర్లో వాసు అనే ఊళ్లో ఎర్రటి రాతి స్తంభాలు వలయాలుగా నిలబెట్టి ఉన్నాయి. వందల ఏళ్ల నాటి సమాధుల చోటు. వెళ్లినవాళ్లు ఏదో ఒకటి మనసులో కోరుకుని స్తంభం మీద చిన్న రాయి పెట్టి వస్తారట. ఇంకాస్త దిగువన నదిలో లంకలు. 1979 నుంచి అక్కడ చింపాంజీలను అడవికి అలవాటు చేసి వదిలారు. మనుషులు దిగకూడదు, పడవలోంచే చూడాలి. ఇది వినగానే పాప నా పార్టీలోకి వచ్చేసింది.

కుంటా కింటే ద్వీపం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. మనుషుల్ని బానిసలుగా పట్టి తెచ్చి, ఓడలెక్కించిన చోటు. 2003లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. అప్పటిదాకా ఉన్న జేమ్స్ ద్వీపం అన్న పేరు తీసేసి 2011లో ఈ పేరు పెట్టారు. కోటను, నేలను నది కోసేస్తూ ఉంది. తొమ్మిదేళ్ల పిల్లకు అది చూపించాలా? "మా పిల్లల్ని మేం తీసుకెళ్తాం" అంది ఆవిడ. వాళ్ల పిల్లలు చూస్తున్నప్పుడు మా పిల్ల నుంచి దాచడం న్యాయం అనిపించలేదు. వెళ్తాం. వెళ్లే ముందు నేనే కూర్చోబెట్టి చెబుతాను.

మధ్యాహ్నమంతా తారీఖుల లెక్కతో సరిపోయింది. తిరిగొచ్చిన మూడో రోజే ఇండియా ఫ్లైటు, ఆ శుక్రవారం ధర్మవరంలో తమ్ముడి పెళ్లి. గాంబియాలాగా, దోమకాటుతో వచ్చే ఎల్లో ఫీవర్ జ్వరం ఉన్న దేశం వదిలిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే టీకా కార్డు చూపించాలి. లేకపోతే ఆ ఆరు రోజులూ పూర్తయ్యేదాకా విడిగా ఉంచుతారు. పెళ్లికొడుకు అక్కనై ఉండి పెళ్లికి లేకపోతే ఎట్లా! ఆ టెన్షన్‌తో వెంటనే ముగ్గురికీ జనవరి మొదటి వారానికి టీకా బుక్ చేశాను. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. మలేరియా రాకుండా మేం వేసుకునే మాత్రలు తిరిగొచ్చాక కూడా ఏడు రోజులు వేసుకోవాలి కాబట్టి పెళ్లింట్లో కూడా మర్చిపోకూడదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. ఆఫ్రికా అనగానే గొంతు మారింది. "ఆ దూరాభారం ఎందుకే, పెళ్లి పెట్టుకొని?" అంది. టీకాల సంగతి చెప్పాను, తగ్గలేదు. కాసేపాగి, "అక్కడ ఏం పండిస్తారే?" అని అడిగింది.

"శెనక్కాయే అమ్మా. జూన్‌లో వాన పడితే వేస్తారు, అక్టోబరు, నవంబర్లలో పీకుతారు. శెనగ్గింజలు నూరి కూర వండుతారు, దొమొదా అంటారు. అన్నంలోకి అదే."

అటువైపు మాట లేదు. నాన్న పోయాక కూడా నాలుగేళ్లు ఒక్కతే మా శెనక్కాయ చేను చేయించింది. వాన ముఖం చాటేసిన ఏళ్లన్నీ ఆమెకు వరసగా గుర్తు.

"అయితే వాళ్లూ మన మాదిరే మొగులును చూసి బతికేవోళ్లేనన్నమాట," అంది చివరికి. "పోయి రాండి. పాపకు టోపీ పెట్టు."

ఈ ఫోనంతా ఆయన పక్కనుండి విన్నారు. వంటింట్లోకి వెళ్లి, రెండు టీలు పెట్టుకొచ్చి, పెన్సిల్ తీసుకుని మ్యాపు మీద రాశారు: తీరంలో 4, నది మీద 3. నేనేమీ అడగలేదు. కళ్లు తడి అయ్యాయి.

పడుకోబోతుంటే అమ్మ నుంచి వాయిస్ మెసేజ్. వాళ్లు వేసేది గుత్తి రకమా, తీగ రకమా, నీ స్నేహితురాలిని కనుక్కో అని. సోమవారం పొద్దున ఇద్దరికీ ఒకే షిఫ్టు. మొదటి మాట అదే అడగాలి.